వేరు గుంపు

విడపనకల్లు,
జూన్ 20, 2025

భారతి వదినకు,

సువర్ణ క్షేమంగా చేరింది. ఉరవకొండ దాకా ఏడ్చింది. ఆ తర్వాత పక్క సీటు అవ్వ జామకాయ ఇస్తే అది తింటూ ఏడుపు సంగతి మరిచిపోయింది. ఇప్పుడు నా మంచం మీద అడ్డంగా పడుకుని ఉంది. మీ ఇంట్లో కూడా ఇట్లాగే పడుకుంటుందా, లేక మేనత్త మంచం కదా అని హక్కు చూపిస్తోందా?

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. రెండు కారణాలున్నాయి. మొదటిది నీకు తెలిసిందే. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఎప్పుడూ నాగేశ్వరన్న జేబులోనే ఉంటుంది. మా అన్నతో నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు పోట్లాట, ఆరో మాటకు కట్. రెండోది సువర్ణ కోసం. పదేళ్ళ పిల్ల, ఐదో తరగతికి వచ్చింది, 'కమల' అని రాసి చూపిస్తే కళ్ళు దించుకుంటుంది. బొమ్మల పుస్తకం ముందు పెడితే ముట్టుకోదు. అమ్మ రాసిన కాగితమైతే చూడకుండా ఉండలేదు. అందుకని ప్రతి ఉత్తరం చివరా దాని కోసం రెండు మూడు ముక్కలు పెద్ద అక్షరాలతో రాయి. అవే ముక్కలు నీ గొంతుతో చదివి, అన్న ఫోన్ చేతికి దొరికినప్పుడు నాకు పంపు. చెవిలో నీ గొంతు, కళ్ళ ముందు నీ రాత. ఈ రెండూ కలిస్తే గానీ దీనికి చదువు అంటదని నాకనిపిస్తోంది.

మా బడికి ఇక్కడి నుంచి ఆటోలో పోవాలి. ఐదు తరగతులకు ఇద్దరమే టీచర్లం, నేనూ లింగప్ప సారూ. సగం మంది పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. కొందరు అమ్మానాన్నలతో బెంగళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయి, వారం పది రోజులు అక్కడే ఉండి వస్తారు. వచ్చేసరికి వెనక నేర్చిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెబితే గోడకు చెప్పుకున్నట్టే ఉంది. ఈ ఏడు పద్ధతి మార్చబోతున్నాను. మార్చిన తర్వాత రాస్తాను.

అన్న పెట్టిన గడువు మరిచిపోలేదు. దసరాకల్లా చదవడం రాకపోతే ధర్మవరం తీసుకుపోయి, బడి మానిపించి, మగ్గం పక్కన కూర్చోబెట్టి కండెలకు పట్టు చుట్టిస్తానన్నాడు. అది బెదిరింపా, నిజమా? నువ్వే చెప్పాలి.

నీ ఆడబిడ్డ,
చౌడేశ్వరి

*

ధర్మవరం,
జూన్ 30

చౌడేశ్వరికి భారతి రాయడం ఏమంటే,

పదో తరగతి పరీక్ష తర్వాత సంతకాలు తప్ప నేను ఏమీ రాయలేదు. తప్పులుంటాయి. టీచరమ్మవని ఎర్ర సిరా తీసుకుని కూర్చోకు.

అడ్డంగానే పడుకుంటుంది. తన్నుతుంది కూడా. నేను ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను, ఇక నీ వంతు.

మీ అన్న మాట బెదిరింపో నిజమో నాకే తెలియదు. మీ పెద్దన్న గోవిందప్ప బావా, ఈయనా వేరు పడ్డ దగ్గర్నుంచి ఈయన మనిషి మనిషిగా లేడు. రెండు మగ్గాలు అటు పోయాయి, ఒకటి మాకు మిగిలింది. కండెలు చుట్టే గంగులమ్మ కూడా అటే పోయింది. ఎవరైనా ఏదైనా అంటే చాలు, "నా మగ్గం నాది, నా బిడ్డ నాకు సాయం చేస్తాది, మధ్యలో ఎవురికేం నొప్పి?" అని విరుచుకుపడుతున్నాడు. నేను నోరు మూసుకుంటున్నాను.

ఒక్క సంగతి మాత్రం రాస్తాను. ఆ ఇంగ్లీషు మీడియం బడిలో దీన్ని ఏం చేశారో నీకు ఇంతవరకు చెప్పలేదు. రెండో తరగతిలో చదవడం లేదని వెనక గోడ దగ్గర ఒక బెంచీ వేసి ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఏడాది పొడుగునా అంతే. నేను పోయి అడిగితే, "స్లో లర్నర్ కదమ్మా, వేరుగా చూసుకుంటున్నాం" అన్నారు. ప్రేమగా చెప్పినట్టే చెప్పారు. అప్పటి నుంచే అది బళ్ళో నోరు తెరవడం మానేసింది. నువ్వు ఏ పద్ధతైనా పెట్టుకో, టీవీ పెట్టు, ఫోన్ పెట్టు, నాకు తెలియని విషయం. నా బిడ్డను మాత్రం వేరుగా కూర్చోబెట్టకు. పసిపిల్లల మధ్య కూర్చోబెట్టి సిగ్గు తీయకు. నేను నిన్ను అడుగుతున్నది ఇంతే.

గొంతు రికార్డు చేసి పంపాను. మీ అన్న మగ్గం ఆపలేదు, ఆ చప్పుడు కూడా వస్తుంది.

భారతి

సువర్ణా.
పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది.
ఒకటి నల్ల పిల్లి.
అది నీ పరుపు మీద పడుకుంటోంది.

*

విడపనకల్లు,
జూలై 19

వదినా,

నల్ల పిల్లి మా ఇంట్లో పెద్ద గొడవే తెచ్చింది. నీ గొంతు పెడితే సువర్ణ కాగితం మీద వేలు పెట్టుకుని వెంట పోతుంది. 'పరుపు' దగ్గరికి రాగానే ఆపమంటుంది, మళ్ళీ మొదటి నుంచి పెట్టమంటుంది. నా ఫోన్‌లో చార్జింగ్ నిలవడం లేదు. మగ్గం చప్పుడు వస్తుందని బాధపడకు. అది లేకపోతే ఇది నిజంగా మా ఇల్లేనా అని అడిగేది.

బళ్ళో పద్ధతి మార్చేశాను. బెంచీలన్నీ బయట పెట్టించి నాలుగు చాపలు పరిచాను. ఏ తరగతి అని చూడకుండా, ఎవరికి ఎంత వచ్చునో చూసి కూర్చోబెడుతున్నాను. ఒక చాప దగ్గర నేను కూర్చుంటాను. ఒక చాప పిల్లలు గోడ మీది పెద్ద టీవీలో పాఠం చూస్తారు. మా బడి దగ్గర సిగ్నల్ రాదు కాబట్టి నేను ఇంటి దగ్గరే పాఠాలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతాను. మిగతా రెండు చాపల వాళ్ళకు చేతిలో పని ఉంటుంది. లింగప్ప సారు గుమ్మంలో నిలబడి, "ఏమమ్మా, బడిని సంత చేసినావే!" అన్నాడు. సంతలో అయితే బేరమైనా తెగుతుంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

నువ్వు అడిగింది గుర్తుంది. సువర్ణను ఒంటరిగా ఎక్కడా కూర్చోబెట్టలేదు. అది నవ్వుతోంది, తిప్పేష్ అనే పిల్లవాడితో రోజూ దెబ్బలాడుతోంది. బళ్ళో దెబ్బలాడుతోందంటే నోరు తెరిచిందనే కదా.

ఈసారి తనే నీకు రాస్తానంది. నేను చూడకూడదట, దిద్దకూడదట. ఒట్టు వేయించుకుంది. అటు తిరిగి కూర్చున్నాను. ఏం రాసిందో నాకు తెలియదు, అలాగే మడిచి పెడుతున్నాను.

చౌడేశ్వరి

అమా
నను వేరు లో పెటినారు
తిపేషు గుడా వేరే
నల పిలి పేరు ఏమి
సువరన

*

ధర్మవరం,
జూలై 28

చౌడేశ్వరీ,

సువర్ణ రాసింది చదివాను. మొదటిసారి చదివి ఏడ్చాను, నా బిడ్డ కలం పట్టిందని. రెండోసారి చదివితే ఒళ్ళు మండింది. 'వేరుగా పెట్టినారు' అని రాయడం చేతకాక 'వేరులో' అని రాసింది నా తల్లి. ఆ తిప్పేషు ఎవరో వాడు కూడా వేరేనట. వేరుగా పెట్టినప్పుడు తోడుకు ఇంకొకణ్ణి ఇస్తే సరిపోతుందా? ఒంటరిగా ఎక్కడా కూర్చోబెట్టలేదని ఎంత తెలివిగా రాశావు!

నేను నిన్ను ఒక్కటే వద్దన్నాను. ఆ ఒక్కటే చేశావు.

ఈ ఉత్తరం నా దగ్గరే దాచుకుని ఉంటే బాగుండేది. నేను ఏడుస్తుంటే మీ అన్న చూసి చదవమన్నాడు. చదివాను. మగ్గం ఆపేశాడు. "బయటోల్లు పెట్టినారంటే ఒక లెక్క. సొంత మేనత్తే పెట్టిందా వేరు?" అన్నాడు. మగ్గం మీద చీర అయిపోవచ్చింది. దాన్ని కోసి షావుకారుకు అప్పగించి, తనే వచ్చి పిల్లను తెచ్చుకుంటానన్నాడు. నేను ఆపలేదు. ఎందుకు ఆపాలి?

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నా బిడ్డను ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టావా, లేదా?

భారతి

సువర్ణా.
నల్ల పిల్లికి పేరు నువ్వే పెట్టు.
అమ్మ ఎదురు చూస్తోంది.

*

విడపనకల్లు,
ఆగస్టు 5

వదినా,

కూర్చోబెట్టాను. సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. తెలుగు చదివే గంట మాత్రం ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఒకే చాప మీద కూర్చుంటుంది. నీ ఉత్తరంలో ఆ మాట చదివి కూడా కూర్చోబెట్టాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు.

కానీ సువర్ణ తప్పు రాయలేదు. ఇంత రాసిన పిల్ల ఆ ఒక్క మాటా అచ్చంగా రాసింది, ఆ మాటనే నువ్వు దిద్దావు. 'వేరులో' అంటే వేరులోనే. చెట్టు వేరు!

చాపలకు పేర్లు పెట్టాలి కదా. ఒకటి, రెండు అంటే ఎవరు ముందో ఎవరు వెనకో తెలిసిపోతుంది. అందుకని గోడ మీద బుడ్డల చెట్టు, అదే పుస్తకాల్లో వేరుశనగ చెట్టు, గీశాను. ఈ సీమలో పుట్టిన ఏ పిల్లనైనా లేపి అడిగితే చెబుతుంది కదా బుడ్డల చెట్టు ఎట్లా ఉంటుందో. అక్షరాలు నేర్చేవాళ్ళు వేరు. మాటలు చదివేవాళ్ళు ఆకు. వాక్యాలు చదివేవాళ్ళు పువ్వు. సొంతంగా పుస్తకం పట్టుకునేవాళ్ళు కాయ. వేరు లేకపోతే చెట్టే లేదు కాబట్టి మొదటి చాపకు మంచి పేరు పెట్టానని మురిసిపోయాను. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తెలుగు చెప్పే టీచరునైన నాకే తట్టలేదు. మన ఇంట్లో అన్నలు వేరు పడిన ఏడాదే ఈ మాట ఏరుకున్నాను చూడు.

ఇంకో సంగతి విను. లెక్కల గంటకు అదే సువర్ణ కాయ చాప మీద ఉంటుంది. పట్టు పోగులు లెక్కపెట్టే ఇంట్లో పుట్టింది కదా, గుణకారాల్లో తిప్పేష్‌ను ఏడిపిస్తోంది. ఆ మాట అది నీకు రాయలేదు. రాయడానికి ఒత్తులు ఇంకా రాలేదు మరి.

నువ్వు ఒక్కదానివే కోప్పడ్డావనుకోకు. తిప్పేష్ వాళ్ళ అవ్వ గంగక్క కూలికి పోతూ పోతూ బడి దగ్గర ఆగి, గంప దించకుండానే అడిగింది. "ఏమమ్మా, మా పిల్లోల్ని వేరు పెట్టినావంట. మా నాయన కాలంలో బడి బయట కూర్చోబెడుతాండ్రి. మళ్ళా మొదులుపెట్టినారా?" నేను నవ్వుతూ చెట్టు చూపించబోయాను. ఆమె చూడలేదు. మరునాడే మండలం ఆఫీసుకు ఫిర్యాదు పోయింది. పేరెంట్స్ మీటింగు పెట్టమని అక్కడి నుంచి ఆర్డరు వచ్చింది. చాపలు తీసేసి మళ్ళీ తరగతుల ప్రకారం బెంచీలు వేయమంటారేమోనని భయంగా ఉంది. అట్లా వేస్తే సువర్ణ ఐదో తరగతి పుస్తకం ముందు మళ్ళీ కళ్ళు దించుకుని కూర్చుంటుంది.

అన్నను రానివ్వకు. చీర కోసినా సరే, రానివ్వకు. కోపమంతా నా మీద పెట్టుకోండి, పిల్లను మాత్రం ఉండనివ్వండి.

చౌడేశ్వరి

*

ధర్మవరం,
ఆగస్టు 13

చౌడేశ్వరీ,

నీ ఉత్తరం ఆలస్యమైంది. మీ అన్న అప్పటికే వచ్చి పోయాడు. నీకు తెలియదు కదూ? తెలియదని నాకు తెలుసు.

గురువారం తొలి బస్సుకు బయలుదేరాడు. నీ ఇంటికి రాలేదు, అడ్రసు అడిగి నేరుగా బడికే పోయాడట. పిల్లను తీసుకురావడానికి ఖాళీ సంచి కూడా పట్టుకుపోయాడు. రాత్రికి ఆ ఖాళీ సంచితోనే తిరిగొచ్చాడు. ఏమయిందంటే చెప్పడు. అన్నం కూడా సరిగా తినలేదు. రెండు రోజులు గడిచాక కక్కాడు.

కిటికీలోంచి చూశాడట. పిల్లలంతా చాపల మీద ఉంటే సువర్ణ ఒక్కతే మూలకు, గోడ వైపు తిరిగి కూర్చుని ఉందట. చెవులకు ఏదో తగిలించి ఉన్నాయట. ఎవరూ దాని దిక్కు చూడడం లేదట. "మూలకేసినారు భారతీ. గొడ్డుకు కట్టినట్ల ఏందో కట్టినారు చెవులకు" అన్నాడు. మరి లోపలికి పోయి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు కదా అన్నాను. లేచి మగ్గంలోకి పోయాడు.

బుడ్డల చెట్టు కథ బాగుంది. నవ్వు కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ వేరంటే చెట్టు వేరే అయినప్పుడు, మూల ఏమిటి? అది ఏ చెట్టుకు కాసింది? ఒకదానికి జవాబు చెబితే ఇంకొకటి బయటపడుతోంది. నిన్ను నమ్మాలనే ఉంది నాకు. నమ్మడానికి ఏదో ఒకటి చెప్పు.

నాయన వచ్చిన సంగతి సువర్ణకు చెప్పకు. తనను చూసి కూడా పలకరించకుండా పోయాడని తెలిస్తే తట్టుకోలేదు.

ఈసారి దానికి ఏం రాయాలో తోచలేదు.

భారతి

*

విడపనకల్లు,
ఆగస్టు 24

వదినా,

టీవీకి పోగా మా బళ్ళో పనిచేసే ప్లగ్గు ఒక్కటే ఉంది. అది ఆ మూలన ఉంది. నా ఫోన్ చార్జింగ్ పెడితే తప్ప పలకదు. గోడకు నీ ఉత్తరంలోని ముక్కలు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను, అందుకే గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. చెవులకు ఉన్నవి ఇయర్‌ఫోన్లు. వాటిలో వినిపించేది నీ గొంతు. అన్న కిటికీ దగ్గర నిలబడిన ఆ నిమిషంలో సువర్ణ నిన్నే వింటూ ఉండి ఉంటుంది, అన్న మగ్గం చప్పుడుతో సహా.

ఇది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అంత దూరం వచ్చిన మనిషి గుమ్మం తొక్కకుండా పోయాడు. నేను ఆ పూట లోపలే ఉన్నాను వదినా, వీపు కిటికీకి ఉంది.

ఆ చోట రోజూ వంతుల ప్రకారం పిల్లలు కూర్చుంటారు. తిప్పేష్ అమ్మానాన్నలు బెంగళూరుకు తీసుకుపోయినప్పుడు వాళ్ళ చిన్న ఫోన్ మెమరీ కార్డులో పాటల పక్కనే నా పాఠాలు వేసి పంపుతాను. వాడు ఇటుకల కుప్ప మీద కూర్చుని వింటాడట. తిరిగొచ్చాక చాప మీద నా దగ్గర చదువుతాడు. వినడం అక్కడ, చదవడం ఇక్కడ. వెనకటిలా అన్నీ తుడిచిపెట్టుకుపోవడం లేదు.

మీటింగు జరిగింది. మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. నేను చెట్టు చూపించి చెప్పాను, బాగానే చెప్పాననుకున్నాను. గంగక్క లేచింది. "వేరు మంచిదేలే అమ్మా, కాదన్ల్యా. మీ ఆకులోనూ పువ్వులోనూ మా పేట పిల్లోల్లు ఎంతమంది ఉండారో అది చెప్పు" అంది. నేను చాప వైపు చూశాను. వేరులో ఉన్నవాళ్ళలో సువర్ణా, ఇంకొక పిల్లా తప్ప మిగతా వాళ్ళంతా ఆ పేట పిల్లలే. రోజూ చూస్తున్న చాపే, నాకు కనబడలేదు. ఎక్కువగా పనులకు వలస పోయేది వాళ్ళే కాబట్టి వెనకబడ్డారని నా దగ్గర కారణం ఉంది. కానీ ఆ కారణం ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే గోడ మీది చెట్టుకు సున్నం కొట్టాను. పేర్లు లేవు ఇప్పుడు. గంటగంటకూ అందరూ లేచి చాపలు మారతారు. తెలుగుకు ఒక చాప అయితే లెక్కలకు ఇంకొకటి, ఆటకు మరొకటి. పొద్దంతా ఒకే చోట ఉండే పిల్ల ఎవరూ లేరు. గంగక్కను కూడా వచ్చి కూర్చోమన్నాను. ఒక పూట వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది, తిప్పేష్ చదువుతుంటే వాడి నోటి వైపే చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆఫీసరు దసరా దాకా చూస్తానని పోయాడు. అందరికీ దసరాయే గడువు.

సువర్ణకు ఏదైనా రాయి వదినా. నీ కాగితం రాలేదని రోజూ అడుగుతోంది.

చౌడేశ్వరి

*

ధర్మవరం,
సెప్టెంబరు 2

చౌడేశ్వరికి,

ఇయర్‌ఫోన్ల సంగతి మీ అన్నకు చదివి వినిపించాను. మగ్గంలోకి దిగి, పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

మరునాడు నిజం బయటపెట్టాడు. పండగ తర్వాత పెళ్ళిళ్ళకని షావుకారు వరసగా చీరలు ఒప్పించుకున్నాడు. కండెలు చుట్టే మనిషి లేక పని సాగడం లేదు. "సదువు రానీ, రాకపోనీ. దసరాకు తెచ్చేస్తా. సదివింది చాలు" అన్నాడు. నీ వేరూ మూలా అన్నీ ఈయనకు సాకులే అయ్యాయేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. నీ మీద కోపం ఉన్నంతకాలం పిల్లను పనికి పెట్టుకుంటున్నానని తనకు తాను చెప్పుకోనక్కర్లేదు కదా.

నేను ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాస్తే నీకు నా మీద గౌరవం పోతుంది, అయినా రాస్తాను. పొద్దున వంట, ఆపైన కండెలు చుట్టడం, మధ్యాహ్నం నుంచి మగ్గంలో రెండో మనిషిగా కూర్చోవడం. నా నడుము పడిపోతోంది చౌడేశ్వరీ. లేచి నిలబడాలంటే గోడ పట్టుకుంటున్నాను. ఆయన "తెచ్చేస్తా" అన్నప్పుడు నా లోపల ఒక మూల హమ్మయ్య అనిపించింది. కన్నతల్లిని, నాకే అనిపించింది.

దానికి ఏమీ చెప్పకు. సెలవులకు పోతున్నావని చెప్పి బట్టలన్నీ సర్దు. ఒక్కటి కూడా మిగల్చకు. మళ్ళీ బట్టల కోసమని వస్తే ఇక పోనంటుంది.

భారతి

సువర్ణా.
నల్ల పిల్లి పెద్దదయింది.
సెలవులకు ఇంటికి రా.

*

విడపనకల్లు,
సెప్టెంబరు 9

వదినా,

నేను చెప్పలేదు. సువర్ణ తనే చదివేసింది.

నేను వంట గదిలో ఉన్నాను. నీ ఉత్తరంలో దాని ముక్కలున్న కింది భాగం చించి ఇచ్చాను, ఎప్పుడూ అలాగే ఇస్తాను. పై భాగం మంచం మీదే మరిచిపోయాను. కాసేపటికి కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అత్తా, 'నడుము' అంటే ఇదేనా?" అని నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిరాత వదినా! అందులోనూ నీ గొలుసుకట్టు రాత. అచ్చు పుస్తకమే చదవలేని పిల్ల. ఎగిరి గంతేయాలో, అక్కడే కూలబడాలో తెలియలేదు.

అంతటితో ఆగలేదు. నేను పొయ్యి దగ్గరికి తిరిగేలోపు పెట్టె తెరిచి నీ పాత ఉత్తరాలు కూడా తీసింది. ఆగస్టులో నువ్వు రాసింది ముందేసుకుని కూర్చుంది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఆగుతూ, మళ్ళీ వెనక్కు పోతూ చదివింది. లాక్కోవాలని చెయ్యి చాపాను. చదవమని మూడు నెలలు బతిమాలిన చేత్తో ఎట్లా లాక్కుంటాను? చూస్తూ నిలబడ్డాను. చివరికి తలెత్తి, "నాయన వచ్చినాడంట గదా. నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అంది. నాకే తెలియదు, తర్వాత తెలిసింది అన్నాను. నమ్మినట్టు లేదు.

అన్నం తినలేదు. కాగితం అడిగింది. ఈసారి కూడా నేను చూడకూడదంది గానీ, రాసేటప్పుడు ఒత్తుల కోసం నాలుగైదు సార్లు అడిగింది. ఆ ఒత్తులను బట్టి కొంత ఊహించాను, కొంత వదిలేశాను. ఇది నీకు కాదు, అన్నకు. ఆయన చేతికే ఇవ్వు.

నీ మీద నాకు గౌరవం పోలేదు. నడుముకు డాక్టరుకు చూపించుకో, తర్వాత పోట్లాడదాం. అన్న పెట్టిన గడువుకు ముందే పిల్ల చదివింది. ఇప్పుడు ఆయన గడువే లేదంటే నేను ఎక్కడికి పోయి ఎవరికి చెప్పుకోవాలి? బట్టలు నేను సర్దను. సర్దాలంటే మీరిద్దరూ వచ్చి సర్దుకోండి.

చౌడేశ్వరి

నాయనా,

నేను సువర్ణను. పెద్ద అక్షరాలతో రాసినాను. నువ్వే చదువుకో. అమ్మను అడగొద్దు.

నువ్వు మా బడికి వచ్చినావంట. కిటికీ కాడ నుంచే చూసి పోయినావంట. లోపలికి ఎందుకు రాలేదు. నేను మూలలో శిక్షకు లేను. అమ్మ మాట ఇంటావుంటి. మన మగ్గం గుడా ఇనపడతాది. నువ్వు వచ్చింటే ఒక చెవిది నీకు ఇచ్చేదాన్ని.

అమ్మకు నడుము నొప్పి అంట గదా. సెలవుల్లో నేను కండెలు చుడతా. అన్నీ చుడతా. బడి తెరిస్తే మళ్ళా వస్తా. బట్టలు అన్నీ తెచ్చుకోను. రెండు జతలే తెచ్చుకుంటా.

ఇంకొక సారి రా. బడి ఉన్న రోజు రా. లోపలికి రా. నేను నీకు చదివి చుపిస్తా.

సువర్ణ

*

ధర్మవరం,
సెప్టెంబరు 14

చౌడేశ్వరీ,

ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. నేను చదువుతానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. "నన్నే సదువుకోమన్నాది గదా" అన్నాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చదివాడు. మీ అన్న చదువు ఎంతో నీకు తెలుసు. ఆ ఒక్క కాగితానికి మధ్యాహ్నమంతా పట్టింది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. నేను చూడనట్టు వంట చేసుకున్నాను. ఒకసారి మాత్రం తలెత్తి, "రెండు జతలే అంట" అన్నాడు.

నిన్న గోవిందప్ప బావ ఇంటికి పోయాడు. వేరు పడ్డాక ఆ గడప తొక్కలేదు, నువ్వు ఎరిగినదే. గంగులమ్మను పూటకైనా పంపమని అడిగాడట. అడిగే మనిషి కాదు. అడిగి వచ్చి ముఖం కడుక్కుని చాలాసేపు బయటే కూర్చున్నాడు. బావ ఏమన్నాడో చెప్పలేదు గానీ, ఈ పొద్దు గంగులమ్మ వచ్చి కండెలు చుట్టి పోయింది. నా నడుముకు ఇంకా చూపించుకోలేదు. చూపించుకుంటాను, గొణగకు.

సువర్ణ సెలవులకు వస్తుంది. రెండు జతలే పంపు. ఏడాది ఆఖరు దాకా నీ దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత సంగతి మీ అన్న మళ్ళీ లేపుతాడు, నేను కూడా ఊరుకోను. అప్పుడు కొట్లాడుకుందాం.

ఈ శుక్రవారం ఆయన మీ బడికి వస్తున్నాడు. నేను పొమ్మనలేదు, తనే బట్టలు ఇస్త్రీ చేయించుకుంటున్నాడు. నిన్నటి నుంచి రెండుసార్లు గడ్డం చూసుకున్నాడు. పోయినసారి లోపలికి ఎందుకు పోలేదో నన్నడిగితే చెప్పనవాడు, రాత్రి తనంతట తానే చెప్పాడు. "అంతమంది సదువుకునే కాడికి నేను పోయి ఏం మాట్లాడాల భారతీ?" అన్నాడు.

ఈసారి కూడా గుమ్మం దగ్గర ఆగిపోతాడు. చెప్పులు విడిచి అక్కడే నిలబడతాడు, నాకు తెలుసు. నువ్వు పిలవకు. సువర్ణను పిలవమను.

భారతి